పాత ప్లేటు చూడకుండా కొత్త ప్లేటు వెయ్యకండి

పాత బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, మేస్త్రి గారి జవాబులు

వానలు వెనకబట్టాయి. నాలుగు నెలలు పరదా కప్పి షెడ్లో పెట్టిన బళ్లు ఇప్పుడు బయటికొస్తున్నాయి. అందుకే కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్లచ్ గురించే. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. ఆరు ఎంచుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. అందులో చెప్పింది మిగతా బళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను గుంటూరులో చదువుకుని ఇంగ్లండు వచ్చేసిన డాక్టర్ని. బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. మూడేళ్ల కిందట 1965 నాటి మోరిస్ మైనర్ 1000 కొన్నాను. ఫస్ట్ గేర్లో క్లచ్ వదిలితే బండి గుంజి గుంజి కదులుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుందే తప్ప వేగం పెరగదు. నిరుడు కొత్త క్లచ్ సెట్టు వేయించాను. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ అదే గొడవ. తీసిన ప్లేటు నూనెతో తడిసి ఉందని అప్పుడే మెకానిక్ అన్నాడు. ఈసారి ఏ కంపెనీ సెట్టు కొనమంటారు? బరువైన క్లచ్‌కి మారిపోమని ఒక మిత్రుడు చెబుతున్నాడు.
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: డాక్టరు గారూ, ప్లేటు నూనెతో తడిసి ఉందన్న మాట దగ్గరే ఆగాలి. ఏ కంపెనీది కొనాలన్నది ఆ తర్వాతి సంగతి. నూనె ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా వేసిన ప్లేటు ఏ కంపెనీదైనా మళ్లీ నాలుగు నెలలకే పోతుంది.

మీ బండిలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి ఏ-సిరీస్ ఇంజను. దానికి వెనకవైపు, అంటే ఫ్లైవీల్ (ఇంజనుతోపాటు తిరిగే బరువైన చక్రం, క్లచ్ ప్లేటు పట్టుకునేది దీన్నే) పక్కన, ఈ కాలపు బళ్లలో ఉండే రబ్బరు ఆయిల్ సీలు లేదు. క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీదే మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ గాడి నూనెను లోపలికి నెట్టేస్తుంది. అందుకే ఇంజను ఆగాక కొంచెం కారడం ఈ జాతి బళ్లకి సహజం. ఆ కొంచెం బయటికి పోవడానికి బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు పెట్టె) అడుగున ఒక చిల్లి పెట్టి, అందులో ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడదీశారు. బండి అదురుకి పిన్ను కదులుతూ చిల్లిని మూసుకుపోనివ్వదు. నూనె చుక్కలు పడుతున్నాయని ఎవరో ఆ పిన్ను పీకేసి చిల్లిని సీలంట్‌తో మూసేసిన బళ్లు నేను చూశాను. అప్పుడు నూనె లోపలే నిలుస్తుంది, ఫ్లైవీల్ దాన్ని ప్లేటు మీదికి చిమ్ముతుంది. ముందు బండి కింద పడుకుని ఆ పిన్ను ఉందో లేదో చూడండి. పైసా ఖర్చు లేదు.

పిన్ను ఉండి కూడా ప్లేటు తడుస్తోందంటే కారేది ‘కొంచెం’ కాదు. పిస్టన్ రింగులు అరిగితే కాలిన గాలి సంపులోకి, అంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిలోకి, దిగి ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడి ముందు మర గాడి నిలవలేదు. టాపెట్ మూత మీదున్న గాలి గొట్టం మసితో పూడుకుపోయినా అంతే. దాన్ని విప్పి కిరసనాయిల్లో నానబెట్టి శుభ్రం చెయ్యండి. సంపులో నూనె డిప్‌స్టిక్కు పైగీత దాటి పోసే అలవాటుంటే మానండి. ఇంటి ముందు ఏటవాలులో ముక్కు పైకెత్తి నిలబెట్టే అలవాటున్నా మానండి.

ఇంకో అనుమానం గేరుబాక్సు. మామూలుగా మేము ప్లేటు వాసన చూస్తాం. గేరాయిలుకి గంధకం కంపు ఉంటుంది కాబట్టి దొంగ ఎవరో ఇట్టే తెలుస్తుంది. మీ మైనర్లో ఆ పరీక్ష పనిచెయ్యదు. దాని గేరుబాక్సులో పోసేది కూడా ఇంజనాయిలే. అందుకని రంగు చూడాలి. ఇంజను నుంచి వచ్చింది నల్లగా ఉంటుంది, గేరుబాక్సు నుంచి వచ్చింది ఇంకా తేనె రంగులోనే ఉంటుంది. ప్లేటుకి ఫ్లైవీల్ వైపు ముఖం ఎక్కువ తడిసిందా, గేరుబాక్సు వైపుదా అన్నది రెండో సాక్ష్యం. మీరు పాత ప్లేటు ఉంచుకునే ఉంటే ఇప్పుడే తీసి చూడండి. పారేసి ఉంటే ఈసారి దించినప్పుడు మెకానిక్ చేతిలోంచి మీరే తీసుకోండి.

నేను 1974లో బెజవాడలో పనిలో చేరినప్పుడు మా మేస్త్రి షెడ్డు గోడకి వరసగా మేకులు కొట్టి, దించిన ప్రతి ప్లేటుకీ బండి నెంబరు సుద్దతో రాసి తగిలించేవారు. అదే బండి మళ్లీ వస్తే ముందు గోడ దగ్గరికి పంపేవారు నన్ను. ఒక పొగాకు వ్యాపారి గారి ఫియట్‌కి మూడు ప్లేట్లు పక్కపక్కన వేలాడేవి. మూడిట్లోనూ లైనింగు (ప్లేటుకి అతికించే రాపిడి పొర) ఒకేవైపు, ఒకేచోట, ఎక్కువ అరిగి ఉంది. తప్పు ప్లేట్లది కాదు, ఫ్లైవీల్ వంకరగా కూర్చుందని ఆ గోడ చూసే నేర్చుకున్నాను.

ఇక సెట్టు ఎంపిక. మైనర్లలో 803, 948 సీసీ ఇంజన్లకి ఆరుంబావు అంగుళాల ప్లేటు. 1962 నుంచి వచ్చిన 1098 సీసీకి ఏడుంబావు. మీది 1965 కాబట్టి పుస్తకం ప్రకారం ఏడుంబావు, అంటే 184 మిల్లీమీటర్లు. కానీ పుస్తకాన్ని నమ్మి ఆర్డరు పెట్టకండి. అరవై ఏళ్లలో ఆ బండి ఇంజను ఎవరైనా మార్చి ఉండొచ్చు. దించాక పాత ప్లేటు వ్యాసం, మధ్య రంధ్రంలో పళ్ల సంఖ్య, ఫ్లైవీల్ బోల్టుల దూరం కొలిచి, అప్పుడు కొనండి. ముందే కొని డబ్బా ఇంట్లో పెట్టుకున్న వాళ్లే నాకు ఎక్కువగా ఉత్తరాలు రాస్తారు.

బరువైన క్లచ్ అక్కర్లేదు. ఆ 1098 ఇంజను బలానికి, దాన్ని చేసినవాళ్లు పెట్టిన స్ప్రింగులు చాలు. నూనె తడి ఉన్నచోట గట్టి స్ప్రింగు పెడితే జబ్బు నాలుగు నెలలకి బదులు ఎనిమిది నెలలకి బయటపడుతుంది. ఈలోపు మీ మోకాలు నొప్పి పుడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ దేశంలో పాత బళ్ల సంతల్లో, అప్పట్లోనే తయారై డబ్బా విప్పని క్లచ్ ప్లేట్లు దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కొనకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు తయారైనదేదైనా అనుమానించాల్సిందే. పాతది విప్పేటప్పుడు కూడా బెల్ హౌసింగులో దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారెయ్యాలి. ఊపిరితిత్తుల సంగతి మీకు నేను చెప్పేదేముంది. మా షెడ్లో మేమంతా ఏళ్ల తరబడి ఆ దుమ్ము ఊదుకుంటూ పనిచేశాం. ఇప్పుడు మా కుర్రాళ్లను ఊదనివ్వను.

బిగించేటప్పుడు రెండు విషయాలు. మీ బండిలో క్లచ్ బేరింగు ఉక్కు గుండ్లది కాదు, గట్టి బొగ్గు ముద్ద. సెట్టుతోపాటు తప్పక కొత్తది వెయ్యాలి. పెడల్ మీద కాలు ఊరికే ఆనించి నడిపితే ఆ బొగ్గు సుద్దముక్కలా అరిగిపోతుంది. రెండోది, గేరుబాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడకూడదు. పద్దెనిమిదేళ్ల వయసులో నేను ఆ పొరపాటు చేశాను. షాఫ్టు మూతి ప్లేటులోకి దూరగానే జాకీ కోసం ఇటు తిరిగాను. అరనిమిషం గేరుబాక్సు మొత్తం ప్లేటు మీద వేలాడింది. మధ్య దిమ్మ కంటికి కనపడనంత వంగింది. రెండో రోజు బండి తిరిగొచ్చింది, గేరు పడటం లేదని. మా మేస్త్రి కొట్టలేదు. ఆ రాత్రి నాచేతే మళ్లీ దింపించి, ప్లేటును లేతు మీద తిప్పి, ఊగేది నా కళ్లకి చూపించారు. మీ మైనర్లో లోపలి నేల మీద గేరుబాక్సు మూత ఊడొస్తుంది కాబట్టి పైనుంచి తాడు వేసి ఆపడం తేలిక. ఆ సదుపాయం వాడుకోమనండి.

క్లచ్ పెడల్ నుంచి ఫోర్కు (బేరింగును నెట్టే మీట) దాకా ఉన్న కడ్డీలు, మధ్యలో తిరిగే షాఫ్టు బుష్‌లు కూడా చూపించండి. అవి అరిగినా, ఇంజను రబ్బర్లు నూనెకి మెత్తబడినా, ప్లేటు ఎంత పొడిగా ఉన్నా బండి గుంజుతుంది.

ప్రశ్న: అంకుల్, నాన్నగారి 1983 అంబాసిడర్‌ను ఇకమీదట నేనే నడపాలనుకుంటున్నాను. నాన్న పోయి ఏడాదైంది. క్లచ్ తొక్కడం కష్టంగా ఉంది. ఎత్తు మీద ఆగితే బండి వెనక్కి పోతుందన్న భయంతో సగం క్లచ్ మీద పట్టుకుని ఉంచుతున్నాను. మాడిన వాసన వస్తోంది. క్లచ్ పోయిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు ఆ బండి అమ్మకుండా నడపాలనుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది.

వాసన వచ్చినంతమాత్రాన క్లచ్ పోదు. ఒకే ఒక్కసారి ఈ పరీక్ష చెయ్యండి. ముందు ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, టాప్ గేరు వేసి, కొంచెం యాక్సిలేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజను వెంటనే ఆగిపోతే ప్లేటు పట్టు బాగానే ఉంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోందన్నమాట, వెంటనే క్లచ్ తొక్కెయ్యండి. మళ్లీమళ్లీ చెయ్యకండి, ఆ పరీక్షే ప్లేటును తినేస్తుంది.

ఎత్తు మీద బండిని ఆపేది హ్యాండ్ బ్రేకు, క్లచ్ కాదు. ముందు మీ హ్యాండ్ బ్రేకు గట్టిగా పట్టేలా చేయించండి. ఎత్తులో ఆగగానే అది లాగి, న్యూట్రల్ చేసి, రెండు కాళ్లూ తీసెయ్యండి. కదిలేటప్పుడు ఫస్టు వేసి, ఇంజను గొంతు కొంచెం బరువెక్కేదాకా క్లచ్ వదిలి, అప్పుడు బ్రేకు దించండి. హన్మకొండ చౌరస్తా కాకుండా, పొద్దున్నే ఖాళీగా ఉండే ఎత్తు ఏదైనా చూసుకుని పదిరోజులు సాధన చెయ్యండి.

పెడల్ బరువుకి ముందుగా పెడల్ ఇరుసుకి గ్రీజు పెట్టించి చూడండి. నాన్నగారు వాడినన్నాళ్లూ పెట్టించే ఉంటారు, ఏడాదిగా ఎవరూ ముట్టుకుని ఉండరు. సీటు కూడా మీ ఎత్తుకి ముందుకి జరిపించండి. మోకాలు కొద్దిగా వంగి ఉండగానే పెడల్ నేలకి తగలాలి.

ప్రశ్న: నమస్తే మేస్త్రి గారూ. మాది మహీంద్రా జీపు, సీజే-3బి, 1962 మోడలు. మా తాత కాఫీ తోటకి కొన్నది. వానాకాలమంతా తియ్యలేదు. ఇప్పుడు స్టార్టయితే అవుతోంది, క్లచ్ ఎంత తొక్కినా గేరు పడటం లేదు, కరకరమని అరుస్తోంది. ఇంజను ఆపి గేరు వేసి స్టార్టు చేస్తే క్లచ్ తొక్కి ఉన్నా బండి ముందుకి దూకుతోంది. గేరుబాక్సు దించాలంటున్నారు.
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: తమ్ముడూ, అప్పుడే దించకు. పాడేరు వానల్లో, ఆ మంచులో నాలుగు నెలలు నిలబడ్డ బండికి ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుపోవడం ప్రతి ఏడూ చూసేదే. ఫ్లైవీల్ పోత ఇనుముది. దాని మీద తుప్పు పట్టి లైనింగును జిగురులా పట్టేస్తుంది.

ముందు ఇంజనును అరగంట నడిపి బాగా వేడెక్కనియ్యి. ఆపి, పెడల్‌ను పూర్తిగా తొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్రముక్క బిగించి రాత్రంతా వదిలెయ్యి. నాలుగోవంతు కేసుల్లో పొద్దున్నకి టప్పుమని ఊడొస్తుందని మా మేస్త్రి అనేవారు. ఊడకపోతే మనుషులు, గొడ్లు, లోయ ఏవీ లేని పెద్ద మైదానానికి బండిని తోసుకెళ్లు. హై రేంజిలో సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని స్టార్టు చెయ్యి. బండి కదులుతుంది. క్లచ్ తొక్కే ఉంచి యాక్సిలేటర్ ఒకసారి ఇచ్చి ఒకసారి వదిలేస్తూ ఉండు. ఆ కుదుపుకి ప్లేటు విడిపోవాలి. బ్రేకులు ముందుగా చూసుకోకుండా ఈ పని చెయ్యకు. ఊడాక నాలుగైదు సార్లు మెల్లగా క్లచ్ వదులుతూ బండి కదిపితే ఆ తుప్పు రాలిపోతుంది.

దీనికీ లొంగకపోతే లోపం వేరే చోట ఉండొచ్చు. జీపులో పెడల్ లాగుడు ఛాసిస్‌కీ బెల్ హౌసింగుకీ మధ్య ఒక అడ్డగొట్టం ద్వారా ఫోర్కుకి అందుతుంది. ఆ గొట్టం రెండు చివర్లా గుండు కీళ్లుంటాయి. అవి అరిగితే నువ్వు తొక్కిందాంట్లో సగం అక్కడే పోతుంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఒకరు కింద పడుకుని చూస్తే, గొట్టం పక్కకి ఊగడం కంటికే కనిపిస్తుంది. పెడల్‌కి ముప్పావు నుంచి అంగుళం దాకా ఖాళీ ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే సరిచేయించు.

ఇంకోటి చాలామంది వదిలేసేది. ఇంజను ముందుకీ వెనక్కీ జరగకుండా ఛాసిస్ అడ్డపట్టీకి ఒక తీగ కట్టి ఉంటుంది. మన దగ్గర బాగుచేసిన జీపుల్లో సగానికి సగం ఆ తీగ ఉండదు, తీసి పారేస్తారు. అది లేకపోతే క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజనే జరుగుతుంది, వదిలినప్పుడు బండి దడదడలాడుతుంది. లేకపోతే వేయించు. వీణతీగలా బిగించకు, వదులు పోయేంత బిగిస్తే చాలు.

ఇవన్నీ సరిగా ఉండి గేరు అరుస్తూనే ఉంటే అప్పుడు దించు. దించాక క్రాంకు చివర చిన్న కంచు బుష్ ఉంటుంది, గేరుబాక్సు షాఫ్టు మూతి అందులో తిరుగుతుంది. అది పట్టేసినా ప్లేటు విడిపోయాక కూడా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. కొత్త బుష్‌ను ముందురోజు రాత్రి ఇంజనాయిల్లో నానేసి కొట్టాలి. కంచు నూనెను పీల్చుకుంటుంది, ఆ తర్వాత దానికి నూనె పోసేవాళ్లెవరూ ఉండరు.

మళ్లీ బిగించేటప్పుడు ప్లేటును సరిగ్గా మధ్యలో నిలబెట్టడానికి మీ మన్యంలో మంచి కర్రకి కొదవ లేదు. పాత షాఫ్టు దొరక్కపోతే టేకు ముక్కను లేతు మీద ఆ కొలతకి తీయించుకో. నా దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి, ఒక్కో బండికి ఒకటి.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 రోల్స్‌రాయిస్ చూశాను. అంత బరువైన కారుకి ఆ రోజుల్లో క్లచ్ ఎలా ఉండేది? పాడైతే ఏం చేసేవారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, ఆ పసుపు రంగు బండి ముందు నేనూ చాలాసేపు నిలబడ్డాను. అది సిల్వర్ ఘోస్ట్ అనే మోడలు. ఆ కాలంలో మనం ఎరిగిన ప్లేటు క్లచ్ ఇంకా ఇంటింటికీ రాలేదు. ఎక్కువ కార్లలో ఉన్నది కోను క్లచ్. ఫ్లైవీల్ లోపలివైపు గిన్నెలా తొలిచి ఉంటుంది. ఆ గిన్నెలో సరిగ్గా కూర్చునే ఇంకో గిన్నెకి చుట్టూ తోలు పట్టీ రాగి రివెట్లతో బిగించి ఉంటుంది. స్ప్రింగు నెడితే తోలు ఇనుమును పట్టుకుంటుంది, పెడల్ తొక్కితే వెనక్కి వస్తుంది. అంతే.

దాని మంచి చెడ్డలన్నీ తోలువే. ఎండకి ఎండిపోయి గట్టిపడితే ఒక్కసారిగా పట్టేసి బండి ఎగిరి దూకుతుంది. అప్పుడు డ్రైవర్లు తోలుకి ఆముదం పట్టించి రాత్రంతా నాననిచ్చేవారు. నూనె ఎక్కువై జారితే ముల్తానీ మట్టి చల్లేవారు. అది నూనెను పీల్చేసుకుంటుంది. ఆడపిల్లలు మొహానికి పూసుకునే మట్టే. లండన్లో డ్రైవరు చేసిందీ అదే, హైదరాబాద్‌లో డ్రైవరు చేసిందీ అదే. ఆముదం అంటే గుర్తొచ్చింది, క్యాస్ట్రాల్ అన్న నూనె పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే వచ్చింది. మొదట్లో అందులో ఆముదం కలిపేవారు.

తోలు కోను బాగుచెయ్యడం నేను జీవితంలో ఒక్కసారే చూశాను. తోలు ఒకే మందంలో ఉండే చోటునుంచి కోసి, నానబెట్టి, తడిగా ఉండగానే సాగదీసి బిగించారు. రివెట్ల తలలు తోలు పైకి రాకుండా లోతుగా దించాలి, లేకపోతే ఇనుమును గీరేస్తాయి. ఆ పని చేసింది చెప్పులు కుట్టే పెద్దాయన. మెకానిక్కులం మేము పక్కన నిలబడి కొలతలు చెప్పాం.

తోలు తర్వాత బెండు (కార్కు) కూడా వాడారు. పాత బుల్‌నోజ్ మోరిస్‌లో, అమెరికా హడ్సన్‌లో ప్లేటుకి చిల్లులు పెట్టి బెండు ముక్కలు దిగ్గొట్టి, నూనెలోనే తిప్పేవారు. మైనర్ డాక్టరు గారికి చెప్పిందానికి ఇది పూర్తిగా తలకిందులు. బెండు క్లచ్‌లో నూనె లేకపోతేనే మాడిపోతుంది. హడ్సన్ దొరికితే ‘క్లచ్‌లో నూనె చేరింది’ అని శుభ్రంగా తుడిచేసే మెకానిక్ చేతికి బండి ఇవ్వకూడదు.

ప్రశ్న: మా 1968 ఫియట్ 1100ను వింటేజ్ కింద రిజిస్టరు చేయిద్దామనుకుంటున్నాను. క్లచ్ మారిస్తే అర్హత పోతుందని ఎవరో అన్నారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడే బండికి ‘వీఏ’ అక్షరాలతో నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదన్నది షరతు. క్లచ్ ప్లేటు అరిగే సామాను, అది మార్చుకోవడం మరమ్మతే. అయితే ఆ నెంబరు తీసుకున్నాక రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, మరమ్మతు, ఇలాంటి వాటికే. రోజూ మార్కెట్‌కి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే ఆలోచించుకోండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది 1978 ప్రీమియర్ పద్మిని. కొత్త ప్లేటు, బాగుచేయించిన ప్రెషర్ ప్లేటు (స్ప్రింగులతో ప్లేటును ఫ్లైవీల్‌కి నొక్కేది) వేయించాం. ఫ్లైవీల్ గీతలు పడి ఉందని లేతులో ఫేసింగ్ (ముఖం చెక్కి చదునుచేయడం) కూడా చేయించాం. అంతా కొత్తదే, అయినా థర్డ్‌లో జారుతోంది. ‘హెవీ డ్యూటీ’ స్ప్రింగులు వేస్తే సరిపోతుందని షాపువాళ్లు అంటున్నారు. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. దయచేసి వద్దు. మీ ఉత్తరంలో ఫేసింగ్ అన్న మాట చదవగానే నాకు అర్థమైంది.

ఫ్లైవీల్ మీద ప్లేటు రాసుకునే ముఖం ఒకటి, ప్రెషర్ ప్లేటు కవరు బోల్టులతో కూర్చునే అంచు ఒకటి. ఈ రెండిటి మధ్య ఎత్తు తేడా ఎంత ఉండాలో కట్టినవాడు లెక్కేసి పెట్టాడు. లేతులో గీతలు పోవడానికి రాసుకునే ముఖాన్ని మాత్రం ఒక మిల్లీమీటరు తీసేశారనుకోండి. కవరు పాత ఎత్తులోనే ఉంటుంది, ప్లేటు ఒక మిల్లీమీటరు లోపలికి పోతుంది. స్ప్రింగులు అంతమేర సాగి నొక్కాలి, నొక్కుడు తగ్గుతుంది. కొత్త ప్లేటు జారుతుంది. ముఖం నుంచి ఎంత తీస్తే అంచు నుంచి కూడా అంతే తియ్యాలి. ఈ ఒక్క మాట లేతు దగ్గర చెప్పకపోవడం వల్ల దించి మళ్లీ ఎక్కించిన గేరుబాక్సులకి లెక్కలేదు. మా షెడ్డుకి వచ్చినవే చాలా ఉన్నాయి.

ఇప్పుడు గట్టి స్ప్రింగులు వేస్తే జారడం ఆగవచ్చు. కానీ మీరు పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా క్రాంక్ షాఫ్టును ముందుకి నెడుతుంది. దాన్ని ఆపేవి అర్ధచంద్రాకారపు పల్చటి థ్రస్ట్ వాషర్లు. అవి అరిగితే ఇంజను మొత్తం విప్పాలి. 1089 సీసీ ఇంజనుకి, నలుగురు మనుషులకి, దాని సొంత స్ప్రింగులు చాలు. ఆ స్ప్రింగులతోనే బొంబాయిలో పద్మినీ టాక్సీలు కొన్ని దశాబ్దాలు తిరిగాయి. 2023 అక్టోబరులో ఆఖరివీ రోడ్డు దిగిపోయాయి కాబట్టి ఇకమీదట అసలు సామాన్లు దొరకడం ఇంకా కష్టమవుతుంది. ఉన్న కవరును పాడుచేసుకోకండి.

గేరుబాక్సు మళ్లీ దింపించండి. ఫ్లైవీల్ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, ముఖానికీ అంచుకీ తేడాను ఫీలర్ గేజితో కొలిపించండి. పక్కనే ఇంకో పద్మిని ఫ్లైవీల్, ఎప్పుడూ లేతు ఎక్కనిది, దొరికితే దాంతో పోల్చండి. అంచు సరిచేశాక కవరు బిగించేటప్పుడు ఒక బోల్టు, దాని ఎదురు బోల్టు, అలా కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒకవైపే బిగిస్తే కవరు వంగుతుంది. బిగించాక ఫింగర్లన్నీ (ప్రెషర్ ప్లేటును వెనక్కి లాగే చిన్న మీటలు) ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి ఎత్తుగా ఉన్నా క్లచ్ వదిలేటప్పుడు బండి అదురుతుంది.

కొత్త ప్లేటు కూడా వెలుతురులో పెట్టి చూడండి. రివెట్ల తలలు లైనింగు కంటే బాగా కిందికి ఉండాలి, గోరు పెడితే గుంట తెలియాలి. తలలు పైకే ఉంటే నెల తిరక్కుండా కొత్తగా ఫేసింగ్ చేసిన ముఖం మీద మళ్లీ గీతలు పడతాయి.

పాత ప్లేటు ఇంకా షాపులోనే ఉంటే ఇవాళే వెళ్లి తెచ్చుకోండి, రేపటికి తుక్కులోకి పోతుంది. కొలతలు, రెండు ప్లేట్ల ఫొటోలు రెండువైపులా తీసి నాకు పంపండి. చూసి, అంచు నుంచి ఎంత తీయించాలో వచ్చే నెల రాస్తాను.